మా ఒదినె పట్టేసిన ప్లేటు

ఆ రోజుల్లో తల మీద బరువు లేకపోతే నాకు సరిగ్గా నడవడం వచ్చేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. ఆదివారం నాడు ఖాళీ తలతో బజారుకు బయలుదేరితే అడుగులు అటొకటి ఇటొకటి పడేవి. ఎదురుగా సైకిల్ మీద వచ్చేవాళ్లు, ఈమె ఎటు తిరుగుతుందో ఏమో అని కాలు నేలకు ఆనించి ఆగిపోయేవాళ్లు. అదే నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద కాంక్రీటు నింపిన ఇనుప సట్టి పెట్టారంటే, జానెడు వెడల్పు చెక్క మీద కూడా పెళ్లికూతురిలా నడిచేదాన్ని. ఒంటికి ఏ పని అలవాటైతే అదే లోకం అనుకుంటుంది మరి. అలా అనుకోబట్టే నేనూ మా ఒదినె ఒకసారి పెద్దాఫీసరు ముందు నవ్వులపాలయ్యాం. (ఇది నేను చెబుతుంటే రాస్తున్నది మా చెల్లెలి కూతురు. చిత్తూరు పక్క చదివింది కాబట్టి దానికి తెలుగు అక్షరాలు వచ్చు. తమిళనాట ఉన్న మా రాజపాళెంలో నోటికి తెలుగు, కంటికి అరవం. నా కంటికైతే రెండూ లేవు. ఐదో క్లాసులో మా టీచరు, నేను ఒకరినొకరం వదిలేసుకున్నాం.)

ఇప్పటికి పదేళ్లు దాటింది. మా ఇంటాయన జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్లాడు, నడిచి రాలేదు. నాకు ఇరవై ఏడు, మా పాపకు ఐదు. ఎంత కాలం ఏడుస్తాం? బియ్యం డబ్బా అడుగు కనిపించేదాకా. తర్వాత సిత్తాళు పనికి వెళ్లాను. కొత్తనారు, అంటే తాపీపనివాడు, గోడ కడుతుంటే సిమెంటూ ఇటుకలూ మోసే ఆడవాళ్లను మా పక్క సిత్తాళ్లంటారు. మా ముఠాకు మేస్త్రి మామ పెద్ద. అందులో నన్ను చేర్చింది మా ఒదినె. మా ఇంటాయనకు పెద్దనాయన కూతురు. తళవాయిపురం నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేది. మనిషి పొట్టి, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి పెట్టినట్టు పొడుగు.

మిద్దెకు కాంక్రీటు వేసే రోజు మీరు చూసే ఉంటారు. కింది నుంచి పైకి ఆడవాళ్లంతా వరుసగా నిలబడి నిండు సట్టిని చేయి నుంచి చేయికి అందిస్తారు. నిండు సట్టి పైకి వెళ్లడం అందరూ చూస్తారు కానీ, ఖాళీ సట్టి కిందికి రావడం ఎవరూ చూడరు. ఒక్కొక్కటీ మోసుకుని దిగితే తెల్లారుతుంది. అందుకని పై నుంచి ఒకరు విసురుతారు, కింద ఒకరు పడతారు. అంచు పట్టుకుని, చేతిని ఒంటికి అడ్డంగా తిప్పి వదిలితే సట్టి బల్లపరుపుగా తిరుగుతూ వెళ్లి కింద చేతిలో కూర్చోవాలి. రెండో అంతస్తు నుంచి విసిరేది నేను, కింద పట్టేది ఒదినె. సట్టి నేల మీద పడి 'టంగ్' మందంటే ఆ పూట పట్టలేని దానికి టీ మాత్రమే, వడ లేదు. అది మేస్త్రి మామ పెట్టిన చట్టం. మా ఒదినె పన్నెండేళ్లలో ఒక్క వడ పోగొట్టుకోలేదు. (ఇంకో చట్టం కూడా ఉండేది. కొబ్బరికాయ కొట్టి ఎత్తే మొదటి సట్టి నా చేతికి ఇచ్చేవాళ్లు కాదు, మొగుడు పోయినదాన్ని కదా. మొదటి సట్టికి పనికిరాని చేయి, రెండో సట్టి నుంచి చీకటి పడేదాకా అందరి చేతులకంటే బాగా పనికొచ్చేది.)

ఆ సంవత్సరం కొండ కింద, చెరువు పక్కనున్న పార్కులో పని దొరికింది. అబ్బ, ఏం చోటది! పొద్దున పూట మబ్బు కొండ నడుందాకా దిగి చీర కట్టినట్టు ఉంటుంది. ఊళ్లో పుట్టిన మేం కొండను ఎప్పుడూ వాన వస్తుందా రాదా అని చూడటమే కానీ కొండ కోసం చూసింది లేదు. అక్కడ తొమ్మిది చోట్ల తొమ్మిది తిన్నెలు పోయాలన్నారు. ఒక్కొక్కటి నులకమంచం అంత. గోడ లేదు, కప్పు లేదు. మేస్త్రి మామ తల గోక్కుని, "ఎవర్ని పండబెట్టేకి ఇది?" అన్నాడు. మూడో రోజు ఇనుప స్తంభాలు దిగాయి. ప్రతి స్తంభానికీ నడుము దగ్గర ఒక బుట్ట, బుట్టకు పైన చుట్టూ వేలాడే గొలుసులు.

"ఏం మామా, కోళ్ల గూడా?" అన్నాను.

"కోళ్లకు ఇంత గొలుసెందుకే? చెత్తబుట్ట."

"చెత్తను ఎవరు ఎత్తుకపోతారని మామా గొలుసేసినారు?" అంది ఒదినె.

ఆ బుట్టలు తెచ్చినాయన కోయంబత్తూరు మనిషి. మనవాడే, తెలుగు మాట్లాడతాడు. ఎండా వానా తేడా లేకుండా టోపీ పెట్టుకునేవాడు కాబట్టి మాకు టోపీ సార్. ఆయనే చెప్పాడు, అది ఆట అని. తిన్నె మీద నిలబడి ఒక ప్లాస్టిక్ ప్లేటు విసరాలి. ప్లేటు ఎక్కడ పడితే అక్కడి నుంచి మళ్లీ విసరాలి. చివరికి ఆ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. తక్కువ విసుర్లలో తొమ్మిది బుట్టలూ ముగించినవాళ్లు గెలిచినట్టు.

"ఇంతేనా?" అన్నాడు మేస్త్రి మామ. "దీనికా ఇంత సిమెంటు?"

టోపీ సార్ మాకు చూపిద్దామని ఒకటి విసిరాడు. అది పోయి ముళ్లపొదలో పడింది. నేను వెళ్లి తీసి, అలవాటు చొప్పున అంచు పట్టుకుని ఆయనకు విసిరాను. సట్టి బరువుకు అలవాటైన చేయి అది, ప్లేటు దూది లాగుంది. సర్రున వెళ్లి టోపీని ఎగరగొట్టింది. మనిషి మాత్రం నిలబడే ఉన్నాడు. ఆయన టోపీ కూడా తీసుకోకుండా, "అక్కా, ఇంకోసారి వెయ్యి" అన్నాడు. ఈసారి చేయి సగమే తిప్పాను. ప్లేటు వెళ్లి ఆయన అరచేతిలో కూర్చుంది. ఆయన అడుగు కదపలేదు. ఇంకోసారి అన్నాడు, ఇంకోసారి కూర్చుంది.

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. ఆట మొదలయ్యాక పార్కులో ఒక మనిషి కావాలట. ప్లేట్లు దాచిపెట్టాలి, వచ్చినవాళ్లకు ఇవ్వాలి, ఎలా విసరాలో చూపించాలి, తిన్నెలు ఊడ్చాలి. నెల జీతం. పొద్దున పాప బడికి వెళ్లాక వస్తే చాలు. బడి పార్కుకు నాలుగు వీధుల అవతలే, వదలగానే పాప నేరుగా నా దగ్గరికే రావచ్చు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. కాంక్రీటు రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటేది. అప్పటిదాకా మా పాప ఎదురింటి తిన్నె మీద కూర్చునేది. వాళ్లు మంచివాళ్లే, ఏమీ అనరు. కానీ వాళ్లు అన్నాలకు కూర్చుంటే నా బిడ్డ లోపలికి చూడకుండా వీధివైపు తిరిగి కూర్చునేదట. ఎవరూ నేర్పలేదు దానికి. ఆ సంగతి నాకు ఎదురింటామె మెచ్చుకోలుగా చెప్పింది, ఎంత బుద్ధిమంతురాలో మీ పాప అని.

పార్కు మేనేజరు దగ్గరికి వెళ్లాం. ఆయనదీ మన భాషే, కానీ ఆఫీసు కుర్చీలో కూర్చుంటే అరవం తప్ప నోరు తిరగదు. ఆ రోజు మాత్రం నన్ను తిట్టడానికి తెలుగులోకి దిగాడు. "పదో క్లాసు పాసయ్యుండాల. నువ్వేం చదివినావు?" "ఐదు" అన్నాను. "పాసా?" "ఐదు సార్" అన్నాను మళ్లీ. ఆయన నవ్వి టోపీ సార్ వైపు తిరిగాడు. "ఆదివారం తెరిచే పండగ. పెద్దాఫీసరు వస్తాడు, కాలేజీ పిల్లలు ఆడేకి వస్తారు. ఈమెను గూడా ఆడమను. వాళ్లకు సమానంగా ఆడితే అప్పుడు చూద్దాం." అలా ఎన్నటికీ జరగదని ఆయన నమ్మకం. 

నమ్మకం తప్పేమీ కాదు. మరునాడు భోజనాల వేళ మొదటిసారి గొలుసులకు గురిపెట్టి విసిరాను. బుట్ట దాటి పోయింది. మళ్లీ వేశాను, ఇటు పోయింది. పది వేశాను, పదీ పోయాయి. టోపీ సార్ అరచేతిలో కూర్చున్న ప్లేటు ఇనుపబుట్ట దగ్గరికి వెళ్లనంటుంది. మేస్త్రి మామ సద్ది గిన్నె కడుక్కుంటూ అన్నాడు: "దానికి చెయ్యి చూపిస్తే గదా ఏస్తుంది? కంబానికి ఏసి ఎప్పుడు అలవాటు?"

మామ నోట వచ్చిన ఒక్క తెలివైన మాట అది. (ఆయన ఇప్పుడు లేడు, అందుకే ధైర్యంగా చెబుతున్నా.) ఒదినెను బుట్ట వెనక నిలబెట్టి గొలుసుల పైన రెండు చేతులూ చాపమన్నాను. చేతులు కనబడగానే నా చేయి తనంతట తాను తిరిగింది. ప్లేటు సూటిగా వెళ్లి, గొలుసులకు తగలబోతుండగా, ఒదినె వంగి పట్టేసింది.

"ఎందుకు పట్టినావు ఒదినా?"

"ఎందుకేంది? పడిపోతుంది గదా!"

"పడాల! బుట్టలో పడాల!"

"సెరి సెరి, ఇప్పుడు వెయ్యి."

మళ్లీ పట్టేసింది. పోనీ చేతులు వెనక్కి కట్టుకోమంటే గురి కుదరదు, నాకు చేతులు కనబడాలి. చాపమంటే ఆమె పడుతుంది. మామ బ్యాండేజీ గుడ్డ నేసే సత్రపట్టి మగ్గాల వాళ్ల దగ్గర్నుంచి ఒక చుట్ట తెచ్చి ఆమె పది వేళ్లూ కలిపి కట్టేశాడు. అప్పుడు మోచేతులతో పట్టింది. మూడు రోజులు ఇదే గోల. చివరికి నేను, "ఒదినా, నువ్వు పట్టకుండా ఉన్న ప్రతి ప్లేటుకూ నా వడ నీకు" అన్నాను. నాలుగో రోజు ఒదినె పళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు చాపి నిలబడింది. గొలుసులు గలగలమన్నాయి. ఆ చప్పుడు విని ఆమె ఎవరో పోయినట్టు మొహం పెట్టింది. "నా చెవులారా వినాల్సి వచ్చింది గదే పిల్లా, సట్టి పడిన చప్పుడు" అంది.

ఆదివారం వచ్చింది. ఒదినె పెళ్లికి వచ్చినట్టు పట్టుచీర కట్టి, పౌడరు రాసి, మూర పూలు పెట్టి దిగింది. నేను ఉన్నదాంట్లో చిరగని చీర కట్టాను. పెద్దాఫీసరు వచ్చాడు, రిబ్బను కోశాడు. టోపీ సార్ ఒక ప్లేటు నా చేతిలో పెట్టి, "మొదటిది నువ్వే వెయ్యి అక్కా" అన్నాడు. నా కాలు దానంతట అదే వెనక్కి వెళ్లింది. "మొదటిది వేరే వాళ్లతో ఏయించండి సార్, నేను రెండోది ఏస్తాను" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థమైన ఒదినె వెనక నుంచి నా నడుం మీద ఒక్కటి పొడిచింది. "ఇది మిద్దె కాదు, ప్లేటు. వెయ్యే" అంది. వేశాను. ఆకాశమేమీ విరిగిపడలేదు.

కాలేజీ పిల్లల్లో కళ్లద్దాల అమ్మాయి ఒకతె బాగా ఆడేది. నాకూ ఆమెకూ పోటీ. కొండ మీది నుంచి గాలి దిగే నెల అది. పిల్లలు విసిరినవి గాలికి లేచి పొదల్లోకి, చెరువులోకి పోతున్నాయి. నాకు గాలి కొత్తా? రెండో అంతస్తు మీద దానితో రోజూ పోట్లాటే. ఒక్కో బుట్ట దగ్గరా ఒదినె ముందే వెళ్లి, వెనక నిలబడి, చేతులు చాపి కళ్లు మూసుకునేది. పెద్దాఫీసరు "ఆమె ఏమైనా మొక్కుకుందా?" అని మేనేజరును అడిగాడట.

ఎనిమిది బుట్టలు అయ్యేసరికి నేనూ ఆ అమ్మాయీ సమానం. తొమ్మిదోది చెరువు అంచున ఉంది. ఆమె మూడు విసుర్లలో ముగించింది. నేను రెండు విసిరి బుట్టకు పాతిక అడుగుల దగ్గరికి వచ్చాను. మూడోది పడితే సమానం. సమానమైతే ఉద్యోగం. ఎదురింటి తిన్నె కళ్ల ముందు కనబడింది. చేయి తుడుచుకుని, ఒదినె అరచేతులు చూసి, వదిలాను. నా జన్మలో అంత చక్కగా ఏదీ విసరలేదు. ప్లేటు గొలుసుల నడిమికే వెళుతోంది. సరిగ్గా అప్పుడే చెరువు మీంచి గాలి ఒకటి కొట్టి, ఒదినె కొంగు మొహం మీద పడింది. కొంగు తీయడానికి ఆమె కళ్లు తెరిచింది. తెరిస్తే ఎదురుగా తిరుగుతూ వస్తున్న ప్లేటు. ఇక ఒదినె చేతుల్లో ఏముంది? అవి పన్నెండేళ్లుగా మేస్త్రి మామవి. బుట్ట మీదుగా వంగి, గొలుసులకు జానెడు ముందు, టక్కున పట్టేసింది.

అంతటితో ఆగితే బాగుండేది. మిద్దె పనిలో కింద పట్టిన మనిషి సట్టిని చేతిలో ఉంచుకోదు, వెంటనే పక్కకు పంపుతుంది. ఒదినె కూడా వెంటనే నాకు విసిరింది. నేనైనా ఆగానా? వచ్చినదాన్ని పట్టి, మళ్లీ ఆమెకు విసిరాను. ఆమె పట్టింది, నాకు పంపింది. అలా నాలుగైదుసార్లు అటూ ఇటూ, ఒక్కసారి కూడా నేల తాకకుండా, కాంక్రీటు ఆరిపోతున్నట్టు ఎంత వేగమో! మేస్త్రి మామ కూడా ఒళ్లు మరిచి, "ఆఁ, రానీ, రానీ, వేగంగా!" అని అరిచాడు. టోపీ సార్ రెండు చేతులూ ఎత్తి మా నడుమకు వచ్చి నిలబడితే కానీ మాకు తెలివి రాలేదు.

పెద్దాఫీసరు ఫోనులో వీడియో తీస్తూ తీస్తూ నవ్వు ఆపుకోలేక ఫోను పక్కవాళ్లకిచ్చి కళ్లు తుడుచుకున్నాడు. టోపీ సార్ నేల చూస్తూ, "మనిషి పట్టితే చెల్లదక్కా" అన్నాడు. ఉద్యోగం పోయినట్టే. నేను ఒదినెను పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. (రాస్తున్న పిల్ల ఆ తిట్లు కూడా చెప్పమంటోంది. చెప్పను.) "నీ చేతులు పడిపోను" అన్నది వాటిలో కాస్త మర్యాదైనది. ఒదినె అంత పట్టుచీరలో, అంత పౌడరుతో, బుట్ట పక్కన చేతులు వేలాడేసుకుని నిలబడింది.

సాయంత్రం సామాను సర్దే వేళ టోపీ సార్ ప్లేట్లు లెక్కపెట్టాడు. పొద్దున నిండుగా వచ్చిన సంచి సగానికి సగం తగ్గింది. పొదల్లో కొన్ని, మిగతావన్నీ చెరువులో. వాటికి సంతకం పెట్టి తీసుకున్నది మేనేజరు. ఆయన మొహం వాడిపోయింది. ఒక్క రోజుకే ఇలా అయితే వారానికి ఆట ఏది, ప్లేటు ఏది? అప్పుడు ఒదినె మెల్లగా ముందుకు వచ్చి, పట్టుచీర కొంగు కింద నుంచి, చంక నుంచి, నడుం దగ్గర నుంచి ఒక్కొక్కటిగా ఆరు ప్లేట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమ్మా ఇది?" అన్నాడు మేనేజరు.

"నీళ్లల్లో పడబోతా ఉన్నాయి సార్. దీనివి పట్టకూడదని చెప్పింది. పిల్లోళ్లవి పట్టకూడదని ఎవరూ చెప్పలేదే. అందుకని పట్టినాను."

కళ్లద్దాల అమ్మాయి "అయ్యో, నాది! అరగంట వెతికినాను" అని ఒకటి అందుకుంది. మేనేజరు ప్లేట్ల వైపు చూశాడు, చెరువు వైపు చూశాడు, ఒదినె చేతుల వైపు చూశాడు. "పదో క్లాసు సంగతి నేను చూసుకుంటాను. రేపటి నుంచి నువ్వు వస్తావా?" అన్నాడు, ఒదినెను.

నా లోపల ఏం జరిగిందో అబద్ధం లేకుండా చెబుతాను. సంతోషం కలగలేదు. కడుపు మండింది.

ఒదినె నన్ను చూడనే లేదు. "ఇక్కడ టీకి వడ ఇస్తారా సార్?" అంది.

"వడా? లేదే."

"అట్లయితే నాకొద్దు. నేను వడ ఉండే చోటే పని చేస్తాను. దీన్ని పెట్టుకోండి. పట్టేది నాకంటే కొంచెం తక్కువే, కానీ నేర్చుకుంటుంది. దీని బిడ్డ బడి విడిచినాక ఇంకొకరి తిన్నె మీద కూర్చుంటుండాది." అని, పూలు సర్దుకుని, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది. నేను పిలిచినా తిరగలేదు. తిరిగితే తిట్టిన తిట్లు నేను వెనక్కి తీసుకోవాలి, తను వినాలి, అదంతా ఆమెకు నచ్చని పని.

సోమవారం నాడు పనిలో చేరాను. ఊడ్చాను, ప్లేట్లు కడిగి ఎండలో ఆరబెట్టాను, వచ్చిన ఇద్దరికి విసరడం చూపించాను. నాలుగు దాటింది. మేనేజరు వేసిన ప్లాస్టిక్ కుర్చీ కానుగచెట్టు నీడలో ఉంటే, ఎవరూ చూడటం లేదు కదా అని దాని అంచున కూర్చున్నాను. అప్పుడే గేటు దగ్గర మా పాప, వీపున పుస్తకాల సంచితో. బడి దగ్గర ఎదురింటామె దారి చూపి పంపింది. పరుగెత్తి వస్తుందనుకున్నా. రాలేదు. దూరం నుంచే నన్ను చూసి ఆగిపోయింది. మెల్లగా దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చేయి పెట్టింది.

"అమ్మా, జొరమా?"

పగటి పూట నేను కూర్చుని ఉండటం దానికి జ్వరమొచ్చినప్పుడు తప్ప తెలియదు. "లేదు పాపా, ఇది పని" అన్నాను. అలా అంటూనే దొంగతనం బయటపడినట్టు గబుక్కున లేచి, చీపురు తీసుకుని, పొద్దునే ఊడ్చిన తిన్నెను మళ్లీ ఊడ్చాను. పాప ఆ కుర్చీలో కూర్చుని, కాళ్లూపుకుంటూ, కొండను చూస్తూ నేను ఊడ్చినంతసేపూ కబుర్లు చెప్పింది.

ఇప్పుడు బాగానే కూర్చుంటాను. వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని మరీ కూర్చుంటాను. కానీ ఆ చీపురు పట్టుకున్న పిచ్చిది ఒక్కోసారి గుర్తొస్తుంది. దొరికితే భుజం పట్టి నొక్కి చెప్పాలని ఉంటుంది: కూర్చోవే, ఎవరూ ఏమీ అనరు.